నాయనమ్మ పెట్టెలో నక్క స్టోల్: ఉంచుకోవచ్చా, ఎలా కాపాడాలి?

పాతపెట్టె (నల్లగొండ)

రామగిరిలో మా నాయనమ్మ ఉన్న ఇల్లు అమ్మకానికి పెట్టాం. సామాను సర్దుతుంటే అటక మీది ట్రంకుపెట్టెలో, పట్టుచీరల అడుగున, పాత ఉర్దూ పత్రికలో చుట్టిన వస్తువు ఒకటి దొరికింది. విప్పగానే మా అమ్మాయి కెవ్వుమంది. నిండు నక్క! తల, చెవులు, నాలుగు కాళ్లు, గోళ్లు, కుచ్చుతోక అన్నీ ఉన్నాయి. ఒంట్లో మాత్రం ఏమీ లేదు, చదునుగా కండువాలా ఉంది. కళ్లు గాజువి, ఒకటి బీటవారింది. దవడ కింద స్ప్రింగు క్లిప్పు, నొక్కితే నోరు తెరుచుకుంటుంది. లోపలివైపు గోధుమరంగు పట్టు అస్తరు అక్కడక్కడా పీలికలైంది. అస్తరుకు కుట్టిన గుడ్డముక్క మీద 'ఎడిన్‌బరో' అన్న అక్షరాలు చదవగలిగాను, షాపు పేరు చెరిగిపోయింది.

మా తాత వైద్యంలో పైచదువుకు ఎడిన్‌బరో వెళ్లి 1938లో తిరిగివచ్చారు. అప్పుడే తెచ్చి ఉంటారు. నాయనమ్మ దీన్ని వేసుకోగా చూసినవాళ్లు మా ఇంట్లో లేరు. నల్లగొండ ఎండలో ఎవరు మాత్రం వేసుకుంటారు! అసలు అప్పట్లో ఆడవాళ్లు దీన్ని ఎలా ధరించేవారు? ఇంట్లో పెట్టుకుంటే చట్టపరంగా చిక్కులు ఉన్నాయా? లేకపోతే పాడవకుండా ఏం చేయాలి? తెలిసినవారు చెప్పండి.

సూదీదారం (హైదరాబాద్, సొంతూరు జడ్చర్ల)

అక్కా, మీరు చెప్పిన క్లిప్పే దీని కాలం చెబుతోంది. 1920ల నుంచి 1940ల దాకా ఐరోపా, అమెరికా నగరాల్లో ఆడవాళ్లు కోటు మీద, సాయంత్రపు గౌను మీద ఈ నక్కను భుజాల చుట్టూ వేసుకుని, దాని నోటితో దాని తోకనే కరిపించేవారు. పిన్నీసు అక్కరలేదు, బొత్తాము అక్కరలేదు. డబ్బు బాగా ఉన్నవాళ్లు రెండు నక్కలు వేసుకునేవారు. నక్క మరీ బరువనుకున్నవాళ్లకు మింక్, మార్టెన్ లాంటి చిన్న జంతువులు మూడు నాలుగు వరసగా, ఒకదాని తోక ఇంకొకటి కరిచినట్టు కుట్టి అమ్మేవారు.

తలతో సహా వేసుకోవడం ఆ కాలం వాళ్ల కొత్త ఊహేమీ కాదు. 16వ శతాబ్దంలో ఇటలీ ధనిక స్త్రీలు మార్టెన్ తోలును బంగారు గొలుసుతో నడుముకు వేలాడదీసుకునేవారు. దాన్ని జిబెల్లినో అనేవారు. కొన్నింటికి తల బంగారంతో చేయించి, కళ్లకు రత్నాలు పొదిగేవారు. మీ నక్క గాజుకళ్లు ఆ వంశంలోవే.

ఒక పని చేయండి. వీపు భాగంలో బొచ్చును రెండు వేళ్లతో పాయ తీసి, నోటితో మెల్లగా ఊది చూడండి. పైన పొడుగాటి నునుపు వెంట్రుకలు, కింద దూదిలాంటి పొట్టి బొచ్చు కనిపించాలి. మొదట్లో ఏ రంగు, మధ్యలో ఏ రంగు, కొసన ఏ రంగు ఉందో చెప్పండి. తోలు కూడా ఒక మూల కొంచెం వంచి చూడండి. కాగితంలా చప్పుడు చేస్తే అక్కడితో ఆపేయండి, ఇంకోసారి వంచవద్దు.

పాతపెట్టె

చూశాను. మొదట్లో బూడిదరంగు, పైకి వచ్చేకొద్దీ ఎరుపు, కొసలు కొంచెం నల్లగా. తోలు మెడ దగ్గర మెత్తగానే ఉంది. ముందరి కాలు దగ్గర మాత్రం చిటపటమంది. వదిలేశాను.

సూదీదారం

అయితే రంగు వేయని ఎర్రనక్క. రంగు వేసినదైతే తోలు వైపు కూడా రంగు దిగి ఉంటుంది. కాలు దగ్గర తోలు ఎండిపోయింది, అది ఇక వెనక్కి రాదు. నూనెలు, లోషన్లు పూయమని ఎవరైనా చెబితే వినవద్దు.

చలికోటు (టొరంటో, సొంతూరు మిర్యాలగూడ)

ఇక్కడి పాతబట్టల దుకాణాల్లో ఇలాంటివి వరసగా వేలాడుతుంటాయి. అమ్మమ్మలు పోయాక మనవరాళ్లు తెచ్చి ఇచ్చి వెళ్తారు, అడిగే నాథుడు ఉండడు. ఒకప్పటి వీటి వెల వింటే కళ్లు తిరుగుతాయి.

కెనడా తూర్పు తీరంలో ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్ అని చిన్న ద్వీపం ఉంది. 1890లలో చార్లెస్ డాల్టన్, రాబర్ట్ ఔల్టన్ అనే ఇద్దరు అక్కడ వెండినక్కలను బోనులో పెట్టి పిల్లలు పెట్టించడంలో గెలిచారు. వెండినక్క అంటే వేరే జాతి కాదు, ఎర్రనక్కలోనే నల్లగా పుట్టి కొసలు తెల్లగా మెరిసే రకం. అడవిలో అరుదు. 1910లో లండన్ వేలంలో వాళ్ల తోళ్లు ఒక్కొక్కటి 1,000 డాలర్లకు పైగా పలికాయి. ఆ మాట బయటికి పొక్కాక ద్వీపంలో రైతులంతా బంగాళాదుంపలు పక్కన పెట్టి నక్కలకు ఎగబడ్డారు. కోళ్ల షెడ్లకు మన దగ్గర ఒక కాలంలో ఎగబడలేదా, అలాగే. ఊరూరా నక్కల పెంపకం వచ్చాక ధర పడింది. అప్పుడే మీ తాతగారి లాంటి విద్యార్థి కూడా భార్యకు ఒక నక్కను కొనగలిగే రోజులు వచ్చాయి.

చలికి ఇది పనికొస్తుందా అంటే, మెడ వెచ్చగా ఉంటుంది, అంతే. బొచ్చు వైపు బయటికి, తోలు వైపు లోపలికి పెట్టి కుట్టడమే చూపించుకోవడానికి. ఆర్కిటిక్ మంచుసీమ మూలవాసులు ఇన్యూట్లు లోపలి చొక్కాకు బొచ్చును ఒంటివైపే పెడతారు.

మూగజీవి (మహబూబ్‌నగర్)

ఇంతసేపూ నగ గురించి మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు. అది ఒక ప్రాణి. బోనులో పుట్టి, తీగల నేల మీదే నడిచి, తోలు చెడకుండా చంపబడిన ప్రాణి. 2020 నవంబరులో కరోనా వైరస్ మింక్‌లలో రూపం మార్చుకుందని డెన్మార్క్ ప్రభుత్వం దేశంలో ఉన్న మింక్‌లన్నింటినీ, కోటిన్నరకు పైగా, చంపించింది. గుంతల్లో పూడ్చినవి కుళ్లి పైకి ఉబికి వచ్చాయి. అన్ని కోట్ల జంతువులు ఒక చిన్న దేశంలో ఎందుకు ఉన్నాయి? కాలర్ల కోసం, కుచ్చుల కోసం.

పెద్ద కంపెనీలే మానుకుంటున్నాయి. గుచ్చి అనే ఇటలీ ఫ్యాషన్ కంపెనీ 2017లో మానేస్తున్నట్టు చెప్పింది. అప్పటి ఇంగ్లండ్ రాణి ఎలిజబెత్ 2019 నుంచి కొత్త దుస్తులకు అసలు బొచ్చు వాడలేదు. ఇజ్రాయెల్ 2021లో ఫ్యాషన్ కోసం బొచ్చు అమ్మకాన్నే నిషేధించింది. మేడమ్, దాన్ని గౌరవంగా మట్టిలో పెట్టేయండి. ఆడపిల్ల భుజాన వేసి ఫొటో తీయించకండి.

గొంగడి (కల్వకుర్తి)

తమ్ముడూ, కోపం అర్థమైంది. కానీ నీ కాలికి ఉన్నది తోలు చెప్పే కదా? గొంగట్లో కూర్చుని తింటూ వెంట్రుకలు ఏరితే ఎలా?

మాది కురుమ ఇల్లు. మా తాత నేసిన గొంగడి ఇప్పటికీ మా ఇంట్లో దండెం మీద ఉంది. నల్ల దక్కని గొర్రె ఉన్ని. ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు, గొర్రె లేచి మళ్లీ మేతకు పోతుంది. ఆడవాళ్లు వడికితే, మగవాళ్లు గుంటమగ్గం మీద నేస్తారు. చింతగింజల గంజి పట్టించి కుంచెతో దువ్వుతారు. ఆ గంజి పట్టుకున్న నూలు బిరుసెక్కి, మగ్గం మీద తెగకుండా నిలుస్తుంది. ఇక వాన పడితే గొంగడి మూల మడిచి తల మీద గూడు పెట్టుకుంటే చాలు. చలికి, వానకు, ఎండకు, పరుపుకు, పెళ్లికి, దేవుడికి అన్నింటికీ అదే. ఒళ్లంతా గుచ్చుతుందంటారు. గుచ్చుతుంది. పట్టణపు చర్మానికి ఇంకా గుచ్చుతుంది.

ఈ స్టోల్‌ను చూసి కళ్లు పెద్దవి చేసుకునేవాళ్లు గొంగడి కప్పుకున్నవాణ్ని చూస్తే ముక్కు చిట్లిస్తారు. నాకున్న దుఃఖం అది. మాంసం కోసం ఉన్ని లేని గొర్రెలు వచ్చాక నల్ల ఉన్ని దొరకడమే కష్టమైంది. నేసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది మిగిలారు. చరిత్ర అంటే ఎడిన్‌బరో నుంచి వచ్చిందే చరిత్ర కాదు.

కోటగోడ (వనపర్తి)

గొంగడి అన్న చెప్పిన ముక్కు చిట్లింపు వెనక పెద్ద కథ ఉంది. ఐరోపాలో బొచ్చు మొదటి నుంచి అంతస్తు కొలిచే కర్రే. 1337లో ఇంగ్లండ్‌లో చట్టమే చేశారు. రాజకుటుంబం, పెద్ద మతాధికారులు, ప్రభువులు, నైట్‌లు, చర్చి నుంచి ఏడాదికి కనీసం 100 పౌండ్ల రాబడి ఉన్నవారు తప్ప ఇంకెవరూ బొచ్చు ధరించరాదని. చట్టం చేయవలసి వచ్చిందంటేనే తెలుస్తోంది కదా, డబ్బు చేసిన వర్తకులు అప్పటికే వేసుకు తిరుగుతున్నారని.

అన్నింటికన్నా పైది ఎర్మిన్. స్టోట్ అనే చిన్న జంతువు చలికాలంలో తెల్లగా మారుతుంది, తోక కొస మాత్రం నల్లగానే ఉంటుంది. ఆ తెలుపు మీద నల్లచుక్కలే రాజవస్త్రాల గుర్తు. బ్రిటిష్ పట్టాభిషేకంలో ప్రభువుల భుజాల మీద ఆ చుక్కల వరసలు లెక్క ప్రకారం ఉంటాయి. డ్యూక్‌కు నాలుగు, మార్క్విస్‌కు మూడున్నర, ఎర్ల్‌కు మూడు, వైకౌంట్‌కు రెండున్నర, బారన్‌కు రెండు. అర వరస తేడాతో మనిషి స్థాయి తెలిసిపోతుంది!

మన వైపు చూడండి. జంతుచర్మం మనకూ ఉంది, పురాణాల నిండా ఉంది. కానీ కట్టుకున్నది ఎవరు? పులితోలు శివుడిది. కృష్ణాజినం, అంటే కృష్ణజింక చర్మం, మునులది, ఉపనయనం నాటి వటువుది. రాజు పట్టుబట్ట కడతాడు, రాజ్యం వదిలి అడవికి పోయేటప్పుడు నారచీర, అజినం. అక్కడ చర్మం ఎక్కినకొద్దీ మనిషి పైకి, ఇక్కడ చర్మం కట్టాడంటే అన్నీ విడిచాడని. ఒకే వస్తువుకు రెండు చోట్ల ఇంత ఎదురుబొదురు అర్థం రావడం నాకు ఎప్పుడూ వింతే.

ఆ తర్వాత తెల్లదొరల వేట మన సంస్థానాలకూ పాకింది. మన మహబూబ్‌నగర్ పేరు 1890లో ఏ నిజాం మీద పెట్టారో ఆ మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరుమోసిన పులివేటగాడు. ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ తీసిన చిత్రాల్లో చంపిన పులుల పక్కన బృందమంతా వరసగా నిలబడి ఉంటారు. నల్లమలలో ఫరహాబాద్ నిజాముల వేట విడిదే. మైసూరులో వాన్ ఇంగెన్ వారి కార్ఖానాకు దేశంలోని సంస్థానాల నుంచి పులులు, చిరుతల తోళ్లు వెళ్లి, కోరలు తెరుచుకున్న తలలై గోడలెక్కేవి. అజినం మీద కూర్చోవడం పోయి, పులితల మీద కాలు పెట్టి ఫొటో దిగడం వచ్చింది.

మూగజీవి

గొంగడి అన్నా, నేను వేసుకునేది రబ్బరు చెప్పులు. అయినా గొర్రె ఉన్నితో నాకు పేచీ లేదు, మీరే చెప్పారు గొర్రె లేచి పోతుందని. నా పేచీ నక్కతో.

గొంగడి

రబ్బరు చెప్పులా? అయితే ఆ ఒక్క మాట వాపసు, మిగతాదంతా అలాగే ఉంచు.

మన్ననూరు గేటు (అచ్చంపేట)

అటవీశాఖలో పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. చట్టం సంగతి చెబుతాను, కొంచెం నిదానంగా చదవండి.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినప్పుడు, రక్షిత జాబితాల్లోని జంతువుల తోళ్లు, కొమ్ములు, వాటితో చేసిన వస్తువులు ఇంట్లో ఉన్నవారు ప్రకటించి యాజమాన్య ధ్రువపత్రం తీసుకోవాలన్నారు. 1986 సవరణతో వాటి వ్యాపారం మూతపడింది. 2003లో, అప్పటికీ ప్రకటించనివారికి 180 రోజుల ఆఖరి గడువు ఇచ్చారు. అది ఎప్పుడో ముగిసింది. ధ్రువపత్రం ఉన్న వస్తువునైనా అమ్మడానికి, బహుమతిగా ఇవ్వడానికి వీల్లేదు, వారసత్వంగా మాత్రమే చేతులు మారాలి. పులి, చిరుత, కృష్ణజింక మొదటి షెడ్యూలువి. వాటి విషయంలో నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు, జరిమానా. పూజగదిలో కృష్ణాజినం పరుచుకున్న పెద్దవారు కూడా ఇది గుర్తుంచుకోవాలి. నారాయణపేట వైపు కృష్ణా తీరంలో జింకలు పంట మేస్తున్నాయని రైతులు మొత్తుకుంటున్నా, ఆ జింక మీద చెయ్యి వేయడానికి లేదు కదా, చర్మమూ అంతే.

అమ్మా, మీ నక్క విషయం వేరు. మన గుంటనక్క, హిమాలయాల ఎర్రనక్క మన చట్టం జాబితాల్లో ఉన్నాయి. మీరు చెప్పిన గుడ్డముక్కను బట్టి మీది విదేశీ సరుకు. ఆ గుడ్డముక్కను ఊడదీయవద్దు, తాతగారి పాస్‌పోర్టు, ఓడ టికెట్టు లాంటివి ఉంటే దానితోపాటే పెట్టండి. అమ్మకానికి మాత్రం పెట్టకండి. అనుమానం తీరాలంటే జిల్లా అటవీ అధికారికి ఒక ఉత్తరం రాసి వివరం అడగండి, అడిగినందుకు ఎవరూ పట్టుకుపోరు. ఇంకో మాట, విదేశాల్లో ఉన్న చుట్టాలు ఇలాంటివి పంపుతామంటే వద్దనండి. మింక్, నక్క, చించిల్లా బొచ్చుతోళ్ల దిగుమతిని మన ప్రభుత్వం 2017 జనవరిలో ఆపేసింది.

ఆ పెట్టెలో ఇంకేమైనా ఉన్నాయా? పూర్తిగా చూశారా?

పాతపెట్టె

సార్, మీరు అడిగాక మిగతా బట్టలు కూడా తీశాను. చేతులు వణుకుతున్నాయి. అడుగున ఒక చిన్న చేతిసంచి ఉంది. పైనంతా పసుపుపచ్చ బొచ్చు మీద నల్లమచ్చలు. చిరుతతోలేనని మావారు అంటున్నారు. ధ్రువపత్రం లాంటిది ఏదీ కనిపించలేదు. ఇప్పుడు ఏం చేయాలి? ఫొటో పెట్టనా?

మన్ననూరు గేటు

ఫొటో ఇక్కడ పెట్టకండి. ఎవరికీ ఇవ్వకండి, కాల్చకండి, పారేయకండి. ముందు అది ఏమిటో తేలాలి. నిజంగా చిరుతదే అయితే మీ అంతట మీరే అటవీశాఖకు అప్పగించడం మంచిది. కానీ తొందరపడకండి. చిరుత వీపు మీద ఉండేవి నిండు చుక్కలు కావు. నల్లటి ముక్కలు గుండ్రంగా పేర్చినట్టు ఉండి, మధ్యలో ఒంటి రంగు కంటే కొంచెం ముదురు పసుపు ఉంటుంది. నిండు చుక్కలు కాళ్ల మీద, పొట్ట మీద ఉంటాయి. మీ సంచి మీద ఎలా ఉన్నాయి?

రసాయనం మాస్టారు (సూర్యాపేట)

నేనూ ఒక మాట కలుపుతాను. పాత బొచ్చు వ్యాపారంలో సగం విద్య రంగులోనే ఉంది. 19వ శతాబ్దం చివర పారాఫినైలీన్ డైఅమీన్ అనే రసాయనంతో బొచ్చుకు నలుపు, గోధుమ రంగులు పట్టించడం నేర్చారు. ఇప్పుడు మనవాళ్లు తలకు వేసుకునే నల్లరంగులో ఉండేదీ అదే. దాంతో చవక కుందేలును ఏ జంతువుగానైనా అమ్మవచ్చు. మస్క్‌రాట్ అనే నీటి ఎలుక బొచ్చు కత్తిరించి నల్లరంగు వేసి 'హడ్సన్ సీల్' అని అమ్మారు. కుందేలుకు 'లాపాన్', 'కోనీ' అని ముద్దుపేర్లు పెట్టారు. ఈ మోసం ఎంత ముదిరిందంటే, అమెరికా 1951లో చట్టం చేసి, ప్రతి బొచ్చు వస్తువు మీద జంతువు అసలు పేరు, రంగు వేశారా లేదా అన్నది రాయాలని పట్టుబట్టవలసి వచ్చింది. ఆ రంగు పడక కాలరు వేసుకున్నవాళ్ల మెడలు దద్దుర్లెక్కిన సంగతులు అప్పటి వైద్య పత్రికల్లో ఉన్నాయి. మీ తాతగారికి తెలిసే ఉంటుంది.

కుందేలు బొచ్చును పసుపురంగులో ముంచి, అచ్చు పెట్టి నల్లమచ్చలు దిద్ది చిరుతలా అమ్మడం ఆ రోజుల్లో మామూలు. కనిపెట్టడం కష్టం కాదు. భూతద్దం తీసుకోండి. మచ్చ ఉన్నచోట బొచ్చు పాయ తీయండి. నలుపు కొసల్లోనే ఉండి అడుగున పక్కవాటి రంగే ఉంటే అది అచ్చు. పుట్టుకతో వచ్చిన మచ్చ అయితే ఆ వెంట్రుక చాలావరకు నల్లగానే దిగుతుంది. తర్వాత అస్తరు ఊడిన మూల నుంచి తోలు చూడండి. కుందేలు తోలు ఉల్లిపొరలా పలచన, చిన్నచిన్న ముక్కలు కలిపి కుట్టి ఉంటుంది. చేతులకు తొడుగులు వేసుకోండి. పాత చర్మాలకు పురుగు పట్టకుండా పాషాణం (ఆర్సెనిక్ విషం) పూసే అలవాటు ఉండేది, ముఖ్యంగా గోడకు తగిలించే తలలకు.

పాతపెట్టె

మాస్టారు, మా అబ్బాయి తపాలా బిళ్లలు చూసే భూతద్దం పెట్టి చూశాం. మచ్చలన్నీ నిండు చుక్కలే. ఒక చుక్కకు కుడివైపు చిన్న కొక్కెంలాంటి వంపు ఉంది. అదే వంపు, అదే కొలత, మరో నాలుగు చోట్ల కనిపించింది. పాయ తీస్తే నలుపు పైపైనే ఉంది, కింద అంతా లేత పసుపు, మొదట్లో తెలుపు. సంచి మూతి దగ్గర అస్తరు ఊడింది. లోపల తోలు పలచగా, అగ్గిపెట్టెంత ముక్కలు పక్కపక్కన కుట్టి ఉన్నాయి. ముట్టుకుంటే బొచ్చు వేలికి అంటుకుని వస్తోంది.

రసాయనం మాస్టారు

కుందేలే. రాలడం దాని స్వభావం. ఆ కొక్కెం వంపు అచ్చురేకుది. చిరుత తన మచ్చలను అలా నకలు తీసుకోదు.

మన్ననూరు గేటు

మాస్టారు చెప్పింది సరిగ్గానే ఉంది, మీరు చూసింది వివరంగా ఉంది. అయినా రాతపూర్వకంగా మీ దగ్గర ఒక కాగితం ఉండాలి. ఉత్తరంలో ఈ సంచి సంగతి కూడా రాయండి, పిలిస్తే తీసుకెళ్లి చూపించండి. ఇల్లు చేతులు మారుతున్న సమయంలో పెట్టెలు మోసేవాళ్లు పదిమంది చూస్తారు, ఎవరో ఒకరు ఫోను చేస్తారు.

సూదీదారం

హమ్మయ్య! కుందేలుకు చిరుత వేషం వేయడం చవక మోసమే, కానీ ఆ మోసం చాలా చిరుతలను బతికించింది. అసలైన చిరుత కోటు పిచ్చి ముదిరింది 1960లలో. 1962లో అమెరికా అధ్యక్షుడి భార్య జాక్వెలిన్ కెనడీ, ఒలెగ్ కాసినీ అనే డిజైనర్ రూపొందించిన చిరుత కోటుతో కనిపించాక ప్రతి డబ్బున్నావిడకూ అదే కావాలి. దెబ్బకు ఆఫ్రికా చిరుతలకు గండం వచ్చింది. తాను అలాంటి కోటు చేసినందుకు కాసినీ తర్వాత బాధపడ్డాడు, నకిలీ బొచ్చు వైపు మళ్లాడు. 1973లో, అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కుదిరి, 1975లో అమల్లోకి వచ్చాక అంతర్జాతీయంగా చిరుతతోలు వ్యాపారానికి కళ్లెం పడింది. మన దేశం 1976లో అందులో చేరింది.

అన్నట్టు, నకిలీ బొచ్చు అనగానే పుణ్యం అనుకోవద్దు. ఇప్పుడు బజారులో దొరికేది చాలావరకు యాక్రిలిక్, అంటే పెట్రోలియం సరుకు. మట్టిలో కలవదు, ఉతికినప్పుడల్లా పోగులు రాలుస్తుంది. నా దగ్గరికి పెళ్లి షేర్వానీలకు అది కావాలని వస్తారు, జూన్‌లో! కుట్టి ఇస్తాను, ఏం చేస్తాను.

చలికోటు

టోపీల సంగతి ఎవరూ ఎత్తలేదు. బొచ్చుకోసం ఒక ఖండమే మారిపోయింది. ఐరోపాలో బీవర్ అనే నీటి ఒడ్డు జంతువులు దాదాపు అయిపోయాక కెనడా బీవర్ల మీద పడ్డారు. హడ్సన్స్ బే కంపెనీకి 1670లో రాజపత్రం దక్కింది దీనికోసమే. ఆ తోలు కోటుకు కాదు, బొచ్చు గీకి, ఒత్తి, ఫెల్టు చేసి టోపీలకు. ఒక నాణ్యమైన బీవర్ తోలే అక్కడ నాణెం, తుపాకీకి ఇన్ని తోళ్లు, కంబళికి ఇన్ని తోళ్లు అని లెక్క. మూలవాసుల బతుకు ఆ లెక్కలో పడి తలకిందులైంది. ఫెల్టు బాగా పట్టడానికి పాదరసపు ద్రావణం పూసేవారు. ఆ ఆవిరి పీల్చిన టోపీ కార్మికులకు చేతులు వణికేవి, మతి చెడేది. 1830, 40లలో పట్టు టోపీ వచ్చాక బీవర్ ఊపిరి పీల్చుకుంది. జాలి పడి ఎవరూ వదల్లేదు, ఫ్యాషన్ మారి వదిలారు.

పాతపెట్టె

ఇంత చరిత్ర నా అటక మీద ఉందనుకోలేదు. ఇక దాచే విషయం చెప్పండి. మా ఇంట్లో రెండు పక్షాలు: వేపాకు పక్షం, నాఫ్తలీన్ పక్షం.

సూదీదారం

చలిదేశాల్లో బొచ్చు దుకాణాలవాళ్లు వేసవిలో వీటిని చల్లటి గదుల్లో, 10 డిగ్రీల చుట్టుపక్కల, మధ్యస్థమైన తేమలో దాచి ఇస్తారు. మన దగ్గర మే నెలలో 45 దాటుతుంది. కాబట్టి అటక వద్దు, రేకుల కప్పు కింద గది అసలే వద్దు, బయటి గోడకు ఆనుకున్న బీరువా కూడా వద్దు. ఇంట్లో అన్నింటికన్నా చల్లటి లోపలి గదిలో, నేలకు దగ్గరగా పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో కట్టిపెడితే తోలుకు గాలి ఆడదు. ఉతికి గంజిపోయిన పాత నూలు పంచెలో వదులుగా చుట్టండి. మడత పడేచోట మరో గుడ్డ చుట్టి దిండులా పెట్టండి, తల కింద కూడా. గాజుకన్ను ఊడకుండా మెత్తటి గుడ్డ కప్పండి.

ముందు పురుగు సంగతి చూడాలి. బొచ్చు మొదట్లో సన్నటి ఇసుకలాంటి రెట్ట, బియ్యపుగింజంత గూళ్లు ఉన్నాయా? ఉంటే, లేకున్నా అనుమానంగా ఉంటే, పాలిథీన్ సంచిలో గాలి పిండేసి మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకండి. విప్పితే నెమ్ము పడుతుంది. ఈ కొద్ది రోజులకే ప్లాస్టిక్, తర్వాత పంచె.

రసాయనం మాస్టారు

నాఫ్తలీన్ ఉండలు బొచ్చుకు తగలకూడదు, మనుషులు పడుకునే గదిలో అసలు వద్దు. వేపాకు, వస కొమ్ములు గుడ్డలో మూటకట్టి పక్కన పెట్టండి. అవి పురుగును చంపవు, రాకుండా కొంత ఆపుతాయి. మూణ్నెల్లకోసారి మూట మార్చాలి. మార్చే వంకతో వస్తువును చూస్తాం కదా, అసలు లాభం అది.

గొంగడి

మా అమ్మ గొంగళ్లను ఏటా ఎండలో వేసి కర్రతో దులిపేది. అలా చేయవచ్చా అని అడుగుదామనుకున్నాను.

సూదీదారం

గొంగడికి చేయండి అన్నా, అది తట్టుకుంటుంది. నక్కకు చేస్తే రంగు వెలిసి, తోలు బిగిసి, కాళ్లు చేతికి వస్తాయి. నీడలో, గాలి ఆడేచోట చేత్తో మెల్లగా విదిలిస్తే చాలు. దువ్వెన పెట్టవద్దు.

పాతపెట్టె

ఫ్రీజర్ మాట చెప్పగానే మా అత్తగారు పెరుగుగిన్నె తీసుకుని వేరే ఇంటికి పోతానన్నారు. ఐస్‌క్రీం దుకాణం నడిపే మా మేనమామ పాత పెట్టె ఫ్రీజరు ఒకటి ఖాళీగా ఉందట, దాన్ని అడిగాం.

నిర్ణయం కూడా చెబుతాను. మా అమ్మాయి ఫ్యాషన్ డిజైన్ చదువుతోంది. నక్క స్టోల్, కుందేలు సంచి రెండూ విద్యార్థులకు చూపించడానికి ఏడాదిపాటు ఇస్తారా అని వాళ్ల అధ్యాపకురాలు అడిగారు. అటవీశాఖ నుంచి జవాబు వచ్చాక ఇస్తాం. మూగజీవి గారూ, పూడ్చడం లేదు, మన్నించాలి. ఎవరి భుజం మీదా వేయబోమని మాత్రం మాట.

మూగజీవి

పక్కన ఒక కార్డు పెట్టించండి మేడమ్, బోను కొలత, జంతువు వయసు, ఎన్ని తోళ్లు పడతాయి అన్నవి రాసి. పూడ్చినదానికన్నా అదే ఎక్కువమందికి తెలుస్తుందేమో. కార్డుకు కావలసిన వివరాలు నేను రాసి పంపుతాను.

గొంగడి

పక్కనే మా తాత గొంగడి కూడా పెడతారా? కావాలంటే కల్వకుర్తి నుంచి నేనే తెస్తాను. పిల్లలు రెండూ ముట్టుకుని చూడాలి.

పాతపెట్టె

తప్పకుండా అన్నా. ఆవిడ నంబరు మీకు విడిగా పంపిస్తాను.

దేవరకొండ బస్సు (దేవరకొండ)

ఆలస్యంగా చూశాను. మా పెద్దనాన్న దగ్గర నల్లటి కరాకుల్ టోపీ ఉంది, ఉంగరాల బొచ్చు, మడత టోపీ. ఆయన పాత హైదరాబాద్‌లో కొన్నారట. ఇది గొర్రెదేనా? దీనికీ ధ్రువపత్రం కావాలా?

మన్ననూరు గేటు

కరాకుల్ పెంపుడు గొర్రె, వన్యప్రాణి చట్టం దానికి వర్తించదు. ధ్రువపత్రం అక్కరలేదు.

కోటగోడ

బుఖారా వైపు గొర్రె అది. జిన్నా 1937 నుంచి పెట్టుకున్నది, కాశ్మీరు నాయకులు పెట్టుకునేది అదే. అయితే ఆ ఉంగరాలు పుట్టిన రెండు మూడు రోజుల పిల్లకే ఉంటాయి, పెరిగితే విప్పుకుంటాయి. మూగజీవి గారు వినకముందే చెబుతున్నాను.

మూగజీవి

విన్నాను.

నిర్వాహకులు

కరాకుల్ మీద వేరే చర్చ తెరుస్తున్నాం, దేవరకొండ బస్సు గారూ, మీ ప్రశ్నను అక్కడికి మార్చాం. టోపీ లోపలి తోలుపట్టీ మీద ముద్ర ఏదైనా ఉంటే, అక్కడ రాయండి.